పాత ల్యాప్‌టాప్ డిస్‌ప్లే సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పాత ల్యాప్‌టాప్ అంటే దాదాపు 2008 నుంచి 2018 మధ్యలో కొన్నది. డిగ్రీ చదువుకని కొని, ఇప్పుడు ఆన్‌లైన్ సెంటర్‌లో అప్లికేషన్లు నింపడానికో, ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టడానికో వాడుతున్నవి, లేదంటే అటకెక్కినవి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా రిపేరుకు ఇస్తే మొదట వినిపించే మాట "స్క్రీన్ పోయింది" అనే. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ర్యామ్ (మెమరీ కార్డు), స్క్రీన్‌కు పోయే కేబుల్, డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) చూడకముందే ఆ మాట నమ్మి కొత్త ప్యానెల్ (బొమ్మ చూపే స్క్రీన్ పలక) కొంటే, లోపం అందులో లేదని తేలాక ఆ డబ్బు వెనక్కి రాదు. ప్యానెల్ మీద అనుమానం చివరన పెట్టుకోండి.

ఆన్ చేస్తే లైట్లు వెలుగుతయ్, ఫ్యాన్ తిరుగుతది, స్క్రీన్ మాత్రం నల్లగనే ఉంటది. స్క్రీన్ పోయినట్టేనా?

ముందు మెషీన్ లోపల నడుస్తోందా లేదా తేల్చాలి. ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి క్యాప్స్‌లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే మెషీన్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు. విండోస్ శబ్దం వినిపించినా అంతే అర్థం. క్యాప్స్‌లాక్ ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే మెషీన్ మొదలే కావడం లేదు. అప్పుడు స్క్రీన్‌ను వదిలేసి ర్యామ్ దగ్గరికి వెళ్లండి. క్యాప్స్‌లాక్‌కు లైటు లేని మోడళ్లు ఉంటాయి; వాటికి పెన్‌డ్రైవ్ లైటో హార్డ్ డిస్క్ లైటో చూసుకోవాలి.

ఏది చేసే ముందైనా ఒక చిన్న పని: చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. తర్వాత బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. కరెంటు పోతూ వస్తూ ఉండగా మొండికేసిన మెషీన్లు దీనికే లేచి కూర్చుంటాయి. బ్యాటరీ లోపల బిగించిన మోడలైతే అడుగు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తేనే ఇది లెక్కలోకి వస్తుంది.

టార్చి కొట్టి చూడమంటరు. ఎట్ల కొట్టాలె, ఏం కనిపించాలె?

గదిలో లైటు ఆర్పేసి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, సెల్లు టార్చిని స్క్రీన్‌కు ఒక జానెడు దూరంలో ఏటవాలుగా పట్టండి. నేరుగా కొడితే మీ టార్చి వెలుగే తిరిగి కళ్లల్లో పడుతుంది. మూలల నుంచి మెల్లగా జరుపుతూ పోతే, చీకట్లో గోడమీది క్యాలెండర్ కనిపించినంత మసగ్గా విండోస్ గుర్తులో, లాగిన్ పెట్టెలో కనిపిస్తే ప్యానెల్ బొమ్మ గీస్తోంది, వెనక నుంచి వెలుగు రావడం లేదని అర్థం. అంటే బ్యాక్‌లైట్ సమస్య. ఏమీ కనిపించకపోతే బొమ్మే ప్యానెల్ దాకా రావడం లేదు.

బ్యాక్‌లైట్ అనుకునే ముందు ఒకసారి ఎఫ్ఎన్ కీ పట్టుకుని వెలుగు పెంచే కీ నొక్కండి. కొన్ని మోడళ్లలో స్క్రీన్ ఆర్పే కీ కూడా అదే వరుసలో ఉంటుంది; దుమ్ము తుడుస్తున్నప్పుడు అది నొక్కుకుపోయిన సందర్భాలు ఉన్నాయి.

టీవీకి కలిపితే బొమ్మ వస్తుంది. మరి లోపం ఎక్కడున్నట్టు?

హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి గానీ, వీజీఏ వైరుతో పాత మానిటర్‌కు గానీ కలిపి, విండోస్ కీ పట్టుకుని పి నొక్కండి. పక్కన నాలుగు ఎంపికలు వస్తాయి. స్క్రీన్ కనబడదు కాబట్టి పి నొక్కి, కొంచెం ఆగి, కింది బాణం ఒకసారి నొక్కి, ఎంటర్ కొట్టి చూడండి. పని కాకపోతే బాణం నొక్కే లెక్క ఒకటి పెంచి మళ్లీ.

టీవీలో బొమ్మ శుభ్రంగా వచ్చిందంటే ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ అన్నీ బాగున్నాయి. లోపం కేబుల్‌లోనో, ప్యానెల్‌లోనో, మదర్‌బోర్డ్ మీద ప్యానెల్‌కు కరెంటు పంపే చోటో ఉంది. టీవీలో కూడా అవే గీతలు, అవే రంగు చుక్కలు వస్తే తప్పు గ్రాఫిక్స్ వైపుది. కొత్త ప్యానెల్ వేసినా అవే వస్తాయి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా స్క్రీన్ కొనొద్దు. వైరు లేకపోతే పక్కింటి సెట్‌టాప్ బాక్స్ వైరు పది నిమిషాలు అడిగి తెచ్చుకున్నా చాలు.

డెల్ మెషీన్ అయితే ఇంకో సౌకర్యం ఉంది. ఆఫ్ చేసి, డి కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కండి. ఈ సదుపాయం ఉన్న మోడళ్లలో స్క్రీన్ మొత్తం ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు అంటూ రంగులు మారుతుంది. రంగులు గీత లేకుండా నిండుగా వస్తే ప్యానెల్‌కు దోషం లేదు.

ర్యామ్‌ను తీసి తుడవడం ఎట్ల?

చార్జర్, బ్యాటరీ తీశాక అడుగు మూత విప్పండి. స్టార్ స్క్రూలకు పీహెచ్0 లేదా పీహెచ్00 కొన ఉన్న స్క్రూ డ్రైవర్ కావాలి. ర్యామ్ కార్డుకు రెండు వైపులా ఉన్న క్లిప్పులను ఒకేసారి బయటికి నెడితే కార్డు దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. లేవకుండా లాగకండి.

బంగారు రంగు పళ్లను తెల్ల పెన్సిల్ రబ్బరుతో పొడవునా నాలుగైదు సార్లు రుద్ది, రబ్బరు పొట్టు పూర్తిగా ఊదేయండి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే బట్టకు అద్ది తుడవడం ఇంకా మంచిది. స్లాట్‌లో దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర నడిచే మెషీన్లలో సన్నని తవుడు పొర కట్టి ఉంటుంది, అక్కడ బ్రష్షు తప్పదు. తిరిగి పెట్టేటప్పుడు ఏటవాలుగా గుచ్చి, పళ్లు దాదాపుగా కనిపించనంత లోపలికి నెట్టి, తర్వాత కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టక్కుమంటాయి. రెండు కార్డులుంటే ఒక్కొక్కటే పెట్టి, ఒక్కో స్లాట్‌లో పరీక్షించండి.

ర్యామ్ పెంచుకున్నాకే స్క్రీన్ నల్లబడిందా? డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి, కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులకూ నడుస్తుంది. ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లకు 3ఎల్ మాత్రమే నడుస్తుంది. మామూలు 3 పెడితే బొమ్మ రాదు. స్టిక్కర్ చదివి కొనండి.

ఆన్ చేస్తే బీప్ బీప్ అంటది, లేకుంటే క్యాప్స్‌లాక్ లైటు కొట్టుకుంటది.

లెక్కపెట్టండి, అది మెషీన్ చెప్పే మాట. చాలా పాత డెల్ మోడళ్లలో 2 బీప్‌లంటే ర్యామ్ దొరకలేదని, 4 అంటే ర్యామ్ చెడిందని, 6 అంటే గ్రాఫిక్స్ అని, 8 అంటే స్క్రీన్ అని. హెచ్‌పీలో క్యాప్స్‌లాక్ లైటు కొట్టుకునే లెక్క మోడల్‌ను బట్టి మారింది కాబట్టి, అడుగున రాసి ఉన్న మోడల్ నంబరు పెట్టి దాని సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. సెల్లులో వీడియో తీసుకుని నెమ్మదిగా చూస్తే లెక్క తప్పదు.

స్క్రీన్ మీద గీతలొస్తున్నయ్. ఏ గీతకు ఏం అర్థం?

రెండు సంగతులు చూడాలి: గీత ఎటువైపు ఉంది, దేనికి మారుతోంది.

పైనుంచి కిందికి ఒకటో రెండో గీతలు, ఎప్పుడూ అదే చోట, అదే రంగులో ఉంటే అది ప్యానెల్ లోపమే. అద్దం అంచున సన్నని ఫిల్మ్ లాంటి పట్టీలు అతికించి ఉంటాయి, ఒక్కో పట్టీ కొన్ని వందల నిలువు వరుసలను నడుపుతుంది. ఆ అతుకు ఊడితే దాని కింది వరుసలు చస్తాయి. స్క్రీన్ కింది ప్లాస్టిక్ అంచును వేలితో మెత్తగా నొక్కితే గీత పోయి, వదలగానే వస్తే ఈ అతుకే. అక్కడ కాగితం మడిచి కుక్కి, టేపు వేసి నడిపేవాళ్లున్నారు. వారమో నెలో నడుస్తుంది, తర్వాత గీతలు రెట్టింపవుతాయి. దాన్ని రిపేరు అనలేం.

అడ్డగీతలు కదలకుండా ఉన్నా ప్యానెల్‌దే తప్పు. అదే గీతలు మూత కదిపినప్పుడు వచ్చిపోతుంటే, రంగులు ఒక్కసారిగా ఆకుపచ్చకో ఊదాకో తిరుగుతుంటే, కేబుల్‌ను పట్టుకోండి.

మూడో రకం గళ్లు గళ్లుగా చిన్న చదరపు ముక్కలు, స్క్రీన్ నిండా చుక్కల వరుసలు, టీవీలోనూ అవే. అది గ్రాఫిక్స్ చిప్ లేదా ర్యామ్.

డ్రైవర్ తప్పా, వస్తువు తప్పా అన్నది బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందే వచ్చే మెషీన్ సెట్టింగుల పేజీ) వెళ్తే తెలుస్తుంది. ఆన్ చేయగానే ఎఫ్2 (హెచ్‌పీలో ఎఫ్10) కొడుతూ ఉండండి. ఆ నీలం లేదా బూడిద రంగు పేజీలో విండోస్ లేదు, దాని డ్రైవర్ లేదు. అక్కడా గీతలున్నాయంటే విండోస్ మళ్లీ ఎక్కించడం వృథా. ఈ ఒక్క నిమిషం పని చేయకుండా ఫార్మాట్ కొట్టించి, ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

మూత ఒక కోణంల ఉంటే బాగుంటది, కొంచెం జరిపితే నల్లగైతది.

కేబులే. మదర్‌బోర్డ్ నుంచి హింజ్ (మూత కీలు) గుండా పైకి పోయే ఆ కట్టలో వెంట్రుకంత తీగలు 30, 40 ఉంటాయి. మూత తెరిచి మూసిన ప్రతిసారీ అవి హింజ్ దగ్గర మెలిపడతాయి. ఏళ్ల తర్వాత పై తొడుగు చిరిగి, లోపల ఒకటో రెండో తెగుతాయి. మూతను ఒక మూల పట్టుకుని లేపే అలవాటున్న చోట ఇది ఇంకా తొందరగా వస్తుంది. మధ్యలో పట్టుకుని లేపాలి.

నిర్ధారించుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది: చాలా మోడళ్లలో వెబ్‌క్యామ్ తీగలు కూడా అదే కట్టలో పోతాయి. స్క్రీన్ పోయినప్పుడే కెమెరా కూడా "దొరకలేదు" అంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కొనకముందు కేబుల్‌ను రెండు చివర్లా తీసి పెట్టి చూడండి. బ్యాటరీ తీశాక అడుగు మూత, కొన్నిట్లో కీబోర్డ్ విప్పితే, మదర్‌బోర్డ్ మీద హింజ్ పక్కన ఆ కనెక్టర్ కనిపిస్తుంది. పైన టేపు ఉంటే ఒలిచి, కనెక్టర్‌కు కట్టిన చిన్న ప్లాస్టిక్ తోక పట్టుకుని తీసి, మళ్లీ సమానంగా నొక్కండి. కింద పడ్డ మెషీన్లలో సగం ఊడిన కనెక్టరే దొరుకుతుంటుంది.

తెగిందని తేలితే అతకొద్దు. ఆ తీగల్లో జంటలుగా నడిచే వేగమైన సిగ్నల్ ఉంటుంది, మామూలు వైరుతో టంకం వేస్తే బొమ్మ వణుకుతుంది. కొత్త కేబుల్ ప్యానెల్‌తో పోలిస్తే చాలా చవక. మోడల్ పేరుతో కాదు, పాత కేబుల్ మీది స్టిక్కర్‌లోని పార్ట్ నంబరుతో అడగండి. ఒకే మోడల్‌కు టచ్ ఉన్నదానికి ఒక కేబుల్, లేనిదానికి ఇంకొకటి ఉంటుంది.

హింజ్ విరిగి స్క్రీన్ పక్కకు వాలింది. ఫెవిక్విక్ పెడితే ఆగుతదా?

ఆగదు. పైగా దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుతుంది, హింజ్ కీలులోకి కారితే కదలిక బిగుసుకుపోయి మిగిలిన ప్లాస్టిక్ కూడా పగులుతుంది.

అసలు ఎందుకు విరుగుతుందో చూడండి. హింజ్ ఇనుముది, అది బిగించిన ఇత్తడి మరలు ప్లాస్టిక్‌లో పాతినవి. ఏళ్లకు హింజ్ బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పెళుసవుతుంది. మే నెలలో రేకుల కింద ఉంచిన మెషీన్ల సంగతి చెప్పక్కర్లేదు. మూత లేపినప్పుడల్లా ఆ బలమంతా మరల మీద పడి ఒకరోజు ఊడొస్తాయి. కాబట్టి ముందు హింజ్ చివరనున్న చిన్న నట్‌ను పావు చుట్టు వదులు చేయాలి, తర్వాతే అతకాలి. బిగువు తగ్గించకుండా అతికితే మళ్లీ అక్కడే ఊడుతుంది.

అతకడానికి రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. పాత ప్లాస్టిక్‌ను ఇసుక కాగితంతో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి, రెండూ సమానంగా కలిపి, ఇత్తడి మరను పాత గుంటలో కూర్చోబెట్టి చుట్టూ నింపాలి. మర లోపలికి ఎపాక్సీ పోకుండా ముందే స్క్రూకు కొంచెం గ్రీజు రాసి పెట్టి ఉంచండి. 24 గంటలు ముట్టుకోవద్దు. హింజ్ విరిగిన మెషీన్‌ను అట్లాగే తెరిచి మూస్తూ పోతే తర్వాత పోయేది కేబుల్, ఆ తర్వాత ప్యానెల్ మూల. చిన్న ఖర్చు మూడింతలయ్యే దారి ఇది.

స్క్రీన్ ఎర్రగ, మసకగ మొదలై కాసేపటికి బాగైతది.

2010కి ముందువైతే వెనక ట్యూబులైటు లాంటి సన్నని దీపం (సీసీఎఫ్ఎల్) ఉంటుంది. అది ముసలిదైతే ఇట్లాగే ఎరుపెక్కి మొదలవుతుంది. దానికి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ బోర్డు స్క్రీన్ కింది భాగంలో ఉంటుంది. నడుస్తుండగా దాన్ని ముట్టుకోకండి, అక్కడ వందల వోల్టులుంటాయి. ఆ దీపంలో కొద్దిగా పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టడమూ వద్దు. ఇంత పాత మెషీన్‌కు ఇన్వర్టర్ వెతికి కొనడం కన్నా బయటి మానిటర్ పెట్టుకోవడం మేలు.

స్క్రీన్ మొత్తం తెల్లగ ఉంటది, బొమ్మ రాదు.

వెలుగు వస్తోంది, సిగ్నల్ రావడం లేదు. కేబుల్ రెండు చివర్లూ తీసి పెట్టండి. మారకపోతే ప్యానెల్ మీది బోర్డు పోయి ఉండొచ్చు.

చార్జర్ పెడితేనే స్క్రీన్ కొట్టుకుంటది.

చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. కొట్టుకోవడం ఆగితే చార్జరో, ప్లగ్గో. నకిలీ చార్జర్లు, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లు ఇక్కడ మామూలే. ల్యాప్‌టాప్ ఇనుప అంచును తాకితే చీమ కుట్టినట్టు జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టే అడాప్టర్ తీసేయండి. కొత్త చార్జర్ కొంటే వోల్టు పాతదానితో సమానంగా ఉండాలి (చాలావాటికి 19 లేదా 19.5), ఆంపియర్లు తగ్గకూడదు, ఎక్కువున్నా ఫర్వాలేదు.

వెలుగు తగ్గించినప్పుడు మాత్రమే సన్నగా మిణుకుతుంటే అది లోపం కాదు. బ్యాక్‌లైట్‌ను వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతిలోనే చాలా ప్యానెళ్లు వెలుగు తగ్గిస్తాయి. కళ్లు లాగుతుంటే వెలుగు పెంచుకుని, గదిలో లైటు వేసుకోండి.

మధ్యలో మధ్యలో దానంతట అదే ఆరిపోతది, పట్టుకుంటే వస్తది.

మణికట్టు ఆనించే చోట సెల్లు పెడుతున్నారా? మూత మూసినట్టు గుర్తించేందుకు లోపల అయస్కాంతానికి స్పందించే సెన్సర్ ఉంటుంది. సెల్లు స్పీకర్‌లో, మాగ్నెట్ ఫ్లిప్ కవర్‌లో, కొన్ని గాజుల కొక్కేల్లో ఉండే అయస్కాంతం దాన్ని మోసం చేస్తుంది.

కంపెనీ గుర్తు వరకు బాగనే ఉంటది, విండోస్ రాంగనే నల్లగైతది.

డ్రైవర్. ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలై చిన్న బీప్ వస్తుంది. కాకపోతే, విండోస్ గుర్తు వచ్చి చక్రం తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పండి. ఇట్లా వరసగా రెండు మూడు సార్లు చేస్తే రికవరీ పేజీ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్ (అవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడిచే విండోస్). అక్కడ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ వేయండి.

అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవర్ లేనే లేదు. అక్షరాలు లావుగా కనిపించడం, వెలుగు తగ్గించే పట్టీ పనిచేయకపోవడం దానివల్లే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలామంది ఇప్పుడు లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్, ఉబుంటు అందులో ఒకటి) వైపు చూస్తున్నారు. ఉబుంటు ఎక్కించేటప్పుడు నల్ల తెర వస్తే, గ్రబ్ పేజీలో (ఆన్ చేయగానే వచ్చే ఎంపికల జాబితా) ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి "నోమోడ్‌సెట్" (nomodeset) అన్న మాటను ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎఫ్10 కొట్టండి.

ప్యానెలే పోయిందని తేలింది. ఏది కొనాలె?

ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో కొనొద్దు. ఒకే మోడల్‌లో కంపెనీ నాలుగు రకాల ప్యానెళ్లు వేసి ఉంటుంది. పాతదాన్ని విప్పి, వెనక ఉన్న తెల్ల స్టిక్కర్‌ను ఫొటో తీయండి. బార్‌కోడ్‌లు చాలా ఉంటాయి; మీకు కావాల్సింది బీ156ఎక్స్‌డబ్ల్యూ02, ఎల్‌పీ156డబ్ల్యూహెచ్4, ఎన్156బీజీఈ-ఎల్21 లాంటి వరుస. అందులో 156 అంటే 15.6 అంగుళాలు, 140 అంటే 14.

సరిపోల్చాల్సినవి ఐదు: సైజు, రిజల్యూషన్ (పాతవాటిలో ఎక్కువ 1366×768), కనెక్టర్ పిన్నులు, మందం, బిగించే చెవులు. పిన్నుల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 2013కు అటూఇటూ వరకు వచ్చినవాటిలో 40 పిన్నుల ఎల్‌వీడీఎస్, ఆ తర్వాతవాటిలో 30 పిన్నుల ఈడీపీ ఎక్కువ (ఇవి ప్యానెల్‌కు సిగ్నల్ పంపే రెండు పద్ధతులు). ఒకదాని చోట ఒకటి పనిచేయవు. ఎన్156బీజీఈ అన్న ఒకే పేరులో చివర ఎల్ ఉంటే ఎల్‌వీడీఎస్, ఈ ఉంటే ఈడీపీ. ఒక్క అక్షరం తేడాతో డబ్బు పోతుంది. మామూలు ప్యానెల్ సుమారు 5 మిల్లీమీటర్ల మందంతో పక్కల నుంచి స్క్రూలు పడతాయి; స్లిమ్ దాదాపు 3.5, పైనా కిందా లేదా పక్కల చెవులుంటాయి.

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల బజారు) పాత ప్యానెల్ చేత్తో తీసుకెళ్లి అడగడం అన్నిటికన్నా నిశ్చింత. అక్కడే కలిపి చూపించమనండి: తెల్ల బొమ్మ మీద నల్ల చుక్కలు, నల్ల బొమ్మ మీద మూలల్లో వెలుగు లీకు చూడాలి. తిరిగి వచ్చేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ఒళ్లో నిలువుగా పట్టుకోండి. ఎంజీబీఎస్‌లో ఎక్కిన బస్సు నల్లగొండ చేరేలోగా పై అరలో బ్యాగుల కింద నలిగి పగిలితే ఎవరూ వాపసు తీసుకోరు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం నుంచి మొదటిసారి వెలిగేదాకా ఒకే వీడియో తీయండి, పై పల్చని ఫిల్మ్‌ను పరీక్ష అయ్యేదాకా ఒలవకండి.

ఇంట్లో మార్చుకోవచ్చా?

ఎల్‌ఈడీ ప్యానెల్ అయితే, చేతులు వణకకపోతే, గంట పని. టచ్ స్క్రీన్, ముందంతా ఒకే అద్దం ఉన్నవి మాత్రం షాపుకు ఇవ్వండి; అద్దం అతికించి ఉంటుంది.

చార్జర్, బ్యాటరీ తీయండి. ఇది మొక్కుబడి మాట కాదు, కారణం తర్వాతి ప్రశ్నలో ఉంది. స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేమ్‌కు కింది మూలల్లో రబ్బరు బొత్తాలో స్టిక్కర్లో ఉంటాయి, వాటి కింద స్క్రూలు దాగి ఉంటాయి. అవి తీశాక ఫ్రేమ్ లోపలి అంచున గోరు గుచ్చి బయటికి లాగితే టకటకమని క్లిప్పులు ఊడతాయి. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో తిప్పొద్దు, పాత ఏటీఎం కార్డు చాలు. హింజ్‌ల దగ్గర చివరన తీయండి.

ప్యానెల్ స్క్రూలు విప్పాక కీబోర్డ్ మీద మెత్తటి తువ్వాలు పరిచి, ప్యానెల్‌ను ముందుకు బోర్లా పడుకోబెట్టండి. కేబుల్ ఇంకా తగిలించే ఉంది, గుంజకండి. ఇప్పుడు కనెక్టర్ దగ్గర ఆగండి: పైన పారదర్శకమైన టేపు ఉంటుంది, దాన్ని మూల నుంచి మెల్లగా ఒలవాలి. కొన్నిటికి దాని కింద సన్నని ఇనుప తీగ గొళ్లెంలా అడ్డంగా ఉంటుంది, దాన్ని గోటితో లేపి వెనక్కి వాల్చాలి. తర్వాత కనెక్టర్‌ను పైకి లేపకుండా, ప్యానెల్‌కు సమాంతరంగా జరిపి బయటికి తీయాలి. పైకి లేపితే సాకెట్ బోర్డు నుంచి ఊడొస్తుంది, ప్యానెల్ కొత్తదైనా పాతదైనా అక్కడితో సరి.

కొత్తదానికి అదే వరుసలో తగిలించి, కనెక్టర్ రెండు చివర్లూ సమానంగా లోపలికి పోయాయో సెల్లు కెమెరాలో పెద్దది చేసి చూడండి. టేపు వేయండి. ఫ్రేమ్ పెట్టకుండానే, ప్యానెల్‌ను నిలబెట్టి పట్టుకుని, బ్యాటరీ పెట్టి ఆన్ చేసి చూసుకోండి. బాగుంటే మళ్లీ బ్యాటరీ తీసి అప్పుడు బిగించండి. మూత స్క్రూలు, హింజ్ స్క్రూలు పొడవులో తేడా ఉంటాయి. పొడవుది తప్పు చోట బిగిస్తే ప్యానెల్‌నో మూతనో పొడుచుకుని బయటికి వస్తుంది. విప్పిన వరసలోనే తెల్ల కాగితం మీద బొమ్మ గీసి, ఆ చోట టేపుతో అతికించుకుంటే తప్పు జరగదు.

కొత్త ప్యానెల్ వేసినా వెలుగు రాలే. టార్చి కొడితే బొమ్మ కనిపిస్తుంది.

బ్యాటరీ ఉండగానే కేబుల్ పీకితే, లేదా కనెక్టర్ వంకరగా కూర్చుంటే, బ్యాక్‌లైట్‌కు పోయే కరెంటు పక్క పిన్నును తాకి మదర్‌బోర్డ్ మీది చిన్న ఫ్యూజ్ పోతుంది. డిస్‌ప్లే కనెక్టర్ దగ్గర, ఎఫ్ అక్షరంతో మొదలయ్యే గుర్తు పక్కన, బియ్యపు గింజలో సగమంత ఉంటుంది. బ్యాటరీ తీసి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి రెండు చివర్లా ఆనించండి. బీప్ రాకపోతే పోయింది. అదే విలువ ఫ్యూజ్ వేయించాలి, తీగ ముక్కతో కలిపేయడం మాత్రం వద్దు. మళ్లీ షార్ట్ అయితే ఈసారి బోర్డే కాలుతుంది. ఇది చిప్ లెవల్ పని చేసే షాపులో చేయించుకునేది.

1366×768 తీసి ఫుల్ హెచ్‌డీ వేసుకోవచ్చా?

30 పిన్నులవాటిలో ప్యానెల్ తగులుతుంది గానీ చాలాసార్లు బొమ్మ రాదు. తక్కువ రిజల్యూషన్ కేబుల్‌లో ఒక్క జత సిగ్నల్ తీగలే వేస్తారు, ఫుల్ హెచ్‌డీకి రెండు జతలు కావాలి. కేబుల్ కూడా మార్చాలి, మదర్‌బోర్డ్‌లో ఆ రెండో జత ఉండాలి. పాత మెషీన్‌కు ఇంత తిప్పలు అక్కర్లేదు.

గ్రాఫిక్స్ చిప్‌ను వేడి చేస్తే బాగైతదంటరు.

అవుతుంది, కొన్నాళ్లు. చిప్ లోపలి అతుకులు పగిలినవి వేడికి తాత్కాలికంగా కలుస్తాయి, తిరిగి విడిపోతాయి. 2008లో ఎన్విడియా తన ల్యాప్‌టాప్ చిప్‌లలో ఈ లోపం ఉందని తానే ఒప్పుకుంది. ఆ కాలపు మెషీన్లయితే ఇంకా నమ్మకం లేదు. వేడి చేసి "ఫుల్ రిపేర్" ధర అడిగితే ఎన్నాళ్ల గ్యారంటీ అని బిల్లు మీద రాయించుకోండి. ప్రాసెసర్‌లోనే ఇంకో గ్రాఫిక్స్ ఉన్న మెషీన్ అయితే డివైస్ మేనేజర్‌లో పాడైనదాన్ని డిసేబుల్ చేసి నడుపుకోవచ్చు.

స్క్రీన్ మీద నల్ల మరక పెరుగుతుంది. చిన్న చుక్కలున్నయ్.

సిరా ఒలికినట్టు మరక ఉందంటే లోపల అద్దం పగిలింది, మార్చడమే. ఎప్పుడూ నల్లగా ఉండే చుక్క పోదు. ఎర్రగా, ఆకుపచ్చగా నిలిచిన చుక్క మీద వేగంగా రంగులు మారే వీడియోను గంటసేపు నడిపితే ఒక్కోసారి కదులుతుంది.

దేంతో తుడవాలె?

బోరు నీళ్లతో వద్దు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడే కాదు, ఉప్పులూ ఎక్కువే. ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి, వాటిని రుద్దితే పై పొర గీసుకుపోతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చుకోండి. అక్కడే యాసిడ్ సీసాలూ ఉంటాయి, పేరు చదివి తీసుకోండి. బట్టకు చిలకరించి తుడవాలి, స్క్రీన్ మీద నేరుగా కొడితే కింది అంచు గుండా దిగి ఆ పట్టీల అతుకులను తినేస్తుంది. అద్దాలు తుడిచే స్ప్రేలలో అమ్మోనియా ఉండొచ్చు, వాడొద్దు.

స్క్రీన్ మార్చే డబ్బులు లేవు. అట్లనే వాడుకోవచ్చా?

పాత మానిటర్ గానీ టీవీ గానీ ఉంటే నిక్షేపంగా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే "డూ నథింగ్" అని పెట్టండి. విండోస్, పి నొక్కి "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" ఎంచుకోండి. దుకాణం బిల్లింగ్‌కు ఇది చాలు. పగిలిన స్క్రీన్ ఉన్నంతవరకు బయోస్ పేజీ కొన్నిట్లో దానిమీదే వస్తుంది. బ్యాటరీ తీసి డిస్‌ప్లే కేబుల్‌ను మదర్‌బోర్డ్ దగ్గర ఊడదీస్తే చాలా మెషీన్లు బయటి మానిటర్‌నే మొదటిదిగా తీసుకుంటాయి. ఊడదీసిన కనెక్టర్‌కు టేపు చుట్టడం మర్చిపోకండి.

షాపుకు ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలె?

టీవీలో బొమ్మ వస్తుందో లేదో ఇచ్చే ముందే చూసి, ఆ మాట చెప్పండి. బేరం అక్కడే సగం తేలుతుంది. ప్యానెల్ పార్ట్ నంబరు, కొత్తదా వాడిందా, గ్యారంటీ నెలలు బిల్లు మీద ఉండాలి. పాత ప్యానెల్ తిరిగి అడగండి. విప్పేముందే ర్యామ్, హార్డ్ డిస్క్ సైజులు మీ దగ్గర రాసి ఉంచుకుని, తీసుకునేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో సరిచూసుకోండి. మూతను పూర్తిగా తెరిచి, సగం మూసి, మెల్లగా ఊపి, కెమెరా ఆన్ చేసి చూశాకే డబ్బులివ్వండి.